దాచుకోవడం దొంగతనం కాదు

బెంగళూరు బడుల్లో పిల్లలకు గాంధీగారి గుండ్రటి కళ్లజోడు పెట్టో, కిత్తూరు చెన్నమ్మ కత్తి చేతికిచ్చో వేదిక ఎక్కించే పోటీని కన్నడంలో ‘ఛద్మవేష స్పర్ధె’ అంటారు. తెలుగు బడుల్లో అదే విచిత్ర వేషధారణ పోటీ. తమిళులు ‘మారువేడ పోట్టి’ అంటారు. మా అమ్మాయి బడి నుంచి వచ్చిన కాగితం మీద ఈ కన్నడ మాట చూసి మా పక్కింటి తెలుగాయన నొచ్చుకున్నారు. “ఛద్మం అంటే మోసం కదమ్మా. ఆరేళ్ల పిల్లల ఆటకు మోసపు వేషం అని పేరు పెడతారా?” అన్నారు. ఆయన చెప్పిన అర్థం నిఘంటువుల్లో ఉన్నదే. సంస్కృత నిఘంటువైన అమరకోశం కూడా కపటం, వ్యాజం, దంభం, కైతవం వరసలోనే ఛద్మాన్ని కూర్చోబెట్టింది.

అయినా ఆయనతో నేను ఏకీభవించలేను. ఛద్మం పుట్టింది ‘ఛద్’ అనే ధాతువు నుంచి. కప్పడం అని దాని అర్థం. ఒంటిని కప్పే ఆచ్ఛాదనం, ఎండనూ వాననూ ఆపే ఛత్రం, పైకి కనబడకుండా సాగే ప్రచ్ఛన్న యుద్ధం, అన్నీ ఆ ధాతువులోంచి వచ్చినవే. గొడుగులో మోసం లేదు, పైబట్టలో మోసం లేదు. కప్పడం ముందు పుట్టింది, కపటం ఆ తర్వాత వచ్చి చేరింది. ఈ వరసను మనం మరిచిపోయాం. మరిచిపోయి, ముఖం కప్పుకున్న ప్రతి మనిషినీ అనుమానంగా చూడటం అలవాటు చేసుకున్నాం. ఆ అలవాటు వల్ల ఎవరికి నష్టం జరుగుతోందో రోజూ కళ్లారా చూస్తున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఛాందోగ్యోపనిషత్తు మొదటి అధ్యాయంలో ఒక చిన్న కథ ఉంది. దేవతలు మృత్యువుకు భయపడి మూడు వేదాల్లోకి ప్రవేశించారు. ఛందస్సులతో తమను తాము కప్పుకున్నారు. అలా కప్పాయి కనుకనే వాటికి ఛందస్సులని పేరు వచ్చిందంటుంది ఉపనిషత్తు. ఈ వ్యుత్పత్తిని నేటి భాషావేత్తలు ఎంతవరకు ఒప్పుకుంటారన్నది వేరే చర్చ. ఆ కథ చెప్పినవారి కంటికి కప్పుకోవడం ఎలా కనబడిందన్నదే నాకు ముఖ్యం. భయపడినవారు కప్పుకుంటారు, దేవతలైనా సరే. అందుకు ఉపనిషత్తు వాళ్లను ఎక్కడా తప్పుపట్టలేదు. కథ అక్కడితో అయిపోదు కూడా. నీళ్లలో చేపను చూసినట్టు మృత్యువు వాళ్లను ఆ ఋక్కుల్లో, సామాల్లో, యజుస్సుల్లో చూసింది. చూసిందని తెలుసుకుని వాళ్లు ఇంకా పైకి, స్వరంలోకి, ఓంకారంలోకి వెళ్లారు. నీరు చేపకు ఇల్లే గానీ చాటు కాదు. లోపల ఉన్నది బయటికి కనబడిపోయే కప్పుకు అర్థం లేదని వేల ఏళ్ల కింద ఎవరో ఇంత స్పష్టంగా చెప్పారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక వేషం. ఛద్మాన్ని కపటం పక్కన పెట్టిన అమరకోశమే వేషాన్ని మాత్రం ఆకల్పం, నేపథ్యం, ప్రతికర్మ, ప్రసాధనం అనే మాటల మధ్య ఉంచింది. అన్నీ అలంకరణకు సంబంధించినవే. దాపరికం ఊసే అందులో లేదు. ధాతువు వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా బాగుంటుంది. ‘విష్’ అంటే పని చేయడం, పూనుకుని నెరవేర్చడం. విస్తరి ముందు కూర్చున్నవారికి వడ్డించడాన్ని సంస్కృతంలో పరివేషణం అంటారు, అదీ ఇందులోంచి వచ్చినదే. అంటే వేషంలో ముందున్నది పని. ఆ పనికి తగ్గ తీరు, బట్ట, నగ తర్వాత వచ్చాయి. కూచిపూడి భాగవతులు ‘వేషం కట్టడం’ అన్నప్పుడు ఆ పాత అర్థమే పలుకుతుంది. భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుంటారు, తెర వెనక నిలబడ్డ సత్యభామ తన పొడుగాటి జడను దాని మీదుగా ఇవతలికి వేస్తుంది. ముఖం కనబడదు, జడ కనబడుతుంది. ఆ జడ వేసినది మగవాడని చూసేవాళ్లలో తెలియనివారు ఉండేవారు కాదు. తెలిసి కూడా సత్యభామనే చూశారు. ఎవరూ మోసపోలేదు.

మరి దాపరికం ఎక్కడి నుంచి వచ్చింది? మనం ముందు తగిలించిన ‘మారు’ నుంచి. మారువేషం. కానీ ఆ మారులోనూ అబద్ధం లేదు. మారుపేరు అంటే మరో పేరు. మారుమనువు అంటే మరో పెళ్లి. మారుతల్లి అబద్ధపు తల్లి కాదు, తల్లి స్థానంలోకి వచ్చిన మరో తల్లి. కన్నడిగులు కూడా మారువేష అనే అంటారు. కావలసి వచ్చినప్పుడు మనిషి తన రూపానికి బదులు మరో రూపం ఎత్తడాన్ని ఈ భాషలన్నీ ఇంత నిబ్బరంగా చెప్పుకున్నాయి.

మారువేషం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది విరాటపర్వమే. తిక్కన మహాభారతం అందుకున్నదే అక్కడ. కంకుభట్టు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు, సైరంధ్రి, ఈ పేర్లు చదువుకోనివారికి కూడా నోటికి వచ్చు. అయితే అరణ్యపర్వం చివర యక్షుడి రూపంలో వచ్చిన ధర్ముడు ఇచ్చిన వరాన్ని మనం అంతగా తలుచుకోం. మీరు మీ సొంత రూపాలతో తిరిగినా సరే ముల్లోకాల్లో ఎవరూ మిమ్మల్ని గుర్తుపట్టరు అన్నాడాయన. వరం చేతిలో ఉన్నాక వేషాలెందుకు? ముఖాలు ఎలాగూ ఎవరికీ తెలియవు. అయినా ఒకరు వంటింటికి, ఒకరు నాట్యశాలకు, ఒకరు గుర్రాల దగ్గరకు, ఒకరు ఆవుల మందకు, ద్రౌపది సుధేష్ణ అంతఃపురానికి వెళ్లారు. పని పట్టారు. వేషం అంటే పని అనే ధాత్వర్థం ఇంతకంటే బాగా ఎక్కడా కనబడదు నాకు.

అక్కడ అబద్ధాలు లేవని నేను అనను. ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచి, ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కట్టి, అది మా ముసలితల్లి దేహం, మా కులాచారం ఇది అని దారిన పోయే గొల్లలతో చెప్పారు. నేను యుధిష్ఠిరుడి మిత్రుణ్నని ధర్మరాజు విరాటరాజుతో చెప్పాడు. అబద్ధాలే. కానీ ఆ అబద్ధాల వల్ల విరాటుడికి పోయినది ఏమీ లేదు. అన్నం పెట్టిన ఇంట్లో వాళ్లు పని చేశారు, గోగ్రహణం నాడు ఆ ఇంటికోసమే యుద్ధం చేశారు. తలదాచుకున్నారు అంటాం మనం. చూడండి, తలదాచుకోవడం! ఆశ్రయానికి తెలుగువాడు పెట్టిన పేరు అది.

అసలు నా వాదనకు బలం సంస్కృతం కంటే అచ్చతెలుగు మాటల్లోనే ఎక్కువ. దాచడం అంటే కనబడకుండా చేయడం. దాచడం అంటే పోకుండా భద్రపరచడం కూడా. చీటీ కట్టి దాచుకున్న డబ్బు, పిల్లలకోసం డబ్బాలో దాచిన అరిసెలు. ఈ రెండు అర్థాలకు వేరువేరు మాటలు కావాలని మన పూర్వులకు అనిపించలేదు. విలువైనది కనుకే దాస్తారు. సంస్కృతంలో ‘గుప్’ ధాతువు కూడా అంతే. కాపాడటమూ అదే, మరుగుపరచడమూ అదే. గోప్యం అంటే కాపాడదగినది. మరుగు అనే మాటనే తీసుకోండి. మరుగుదొడ్డి లేని ఊళ్లలో చీకటి పడేదాకా కడుపు బిగపట్టుకుని ఎదురుచూసిన ఆడవాళ్లకు ఆ మాటలోని మరుగు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. చాటు కూడా అలాంటిదే. తల్లిచాటు బిడ్డ, కొంగుచాటు బిడ్డ అంటే అండలో పెరిగినవాడని. ఆ చాటును చెడ్డది చేయాలనుకున్నప్పుడు ముందు ఇంకో మాట అతికించి ‘దొంగచాటు’ అనవలసి వచ్చింది. చాటు తనంతట తాను నిర్దోషి.

ముసుగు కూడా ద్రావిడ పదమే. కన్నడంలో అది ముసుకు. ఈ ఊళ్లో మొక్కజొన్నను ముసుకిన జోళ అంటారు, ముసుగున్న జొన్న అని. వానాకాలం సాయంత్రాలు తోపుడుబండి మీద బొగ్గులు రాజేసి కండెలు కాలుస్తుంటారు. అమ్మే ఆమె ఆకుపచ్చ పొరను ఒక్కొక్కటిగా కిందికి ఒలుస్తుంది, లోపలి తెల్లపొర మెత్తగా, తడిగా ఉంటుంది, దాని కింద పీచు, పీచు కింద గింజలు. ఆ పొరల వల్లనే చీమా పిట్టా తాకకుండా గింజ పాలు పోసుకుని గట్టిపడింది. ఈ పంటకు పేరు పెట్టినవాళ్లు ముసుగు అనే మాటతో గింజను అవమానించలేదు.

ఇక్కడ నాకు నేనే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. కప్పు అంతా రక్షణే అయితే, వందల ఏళ్లు ఆడవాళ్ల మీద కప్పిన ముసుగుల మాటేమిటి? బెంగళూరు శివాజీనగర్‌లో ఘోషా ఆసుపత్రి ఉంది. ఘోషా అన్నది ఫార్సీ ‘గోషా’, మూల అని అర్థం. మూలన ఉండే స్త్రీలు పరాయి మగవాళ్ల కంటపడకుండా వైద్యం చేయించుకోవడానికి ఇలాంటి ఆసుపత్రులు వెలిశాయి. విశాఖపట్నంలోనూ, చెన్నై తిరువల్లిక్కేణిలోనూ ఆ పేరుతో జనం పిలిచే ఆసుపత్రులు ఉన్నాయి. ఆ ఆసుపత్రులు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి, అది నిజం. అవి అవసరమయ్యేంతగా స్త్రీలను మూలకు నెట్టారన్నది అంతకంటే పెద్ద నిజం. ఇందులో నా మనసు తేటగానే ఉంది. తన గుడ్డ తాను కప్పుకోవడం వేరు, ఎవరో కప్పడం వేరు. తీయాలనుకున్నప్పుడు తీసే హక్కు లేని ముసుగు చెర. అయితే బలవంతంగా కప్పడం తప్పు అయినట్టే, బలవంతంగా తీయించడమూ తప్పే. రెండుచోట్లా గుడ్డ కొస మరొకరి చేతిలో ఉంది.

మరి రావణుడు? అతనూ వేషం వేశాడు. కాషాయం కట్టి, దండమూ కమండలమూ పట్టి పర్ణశాల ముందు నిలబడ్డాడు. ఛద్మం అంటే కపటం అన్న మా పక్కింటి ఆయన మనసులో ఉన్నది బహుశా ఈ సన్యాసే. నేనూ కాదనను. అయితే విరాటుడి కొలువులోని సైరంధ్రినీ, పంచవటిలోని ఆ భిక్షువునూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఆమె దిక్కులేక కప్పుకుంది. తనను తాను కాపాడుకోవడం తప్ప ఆమెకు ఇంకో ఉద్దేశం లేదు. అతను పది తలల బలాన్ని కప్పిపుచ్చి, బిచ్చం వేయడానికి వచ్చిన ఒంటరి స్త్రీని ఎత్తుకుపోయాడు. ఒకటి బలహీనుల చాటు, రెండోది బలవంతుడి మాటు. మాటు వేయడం అంటే వేటగాడు పొంచి ఉండటం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, ఎవరు ముఖం కప్పుకున్నా దొంగే అనడం న్యాయం కాదు. దాక్కున్నవాడు ఏమి కాపాడుకుంటున్నాడు, ఎవరి నుంచి కాపాడుకుంటున్నాడు అని ముందు అడగాలి.

ఈ ఊరి రోడ్ల మీద ఆ ప్రశ్న అడగవలసిన అవసరం రోజూ వస్తుంది. సిల్క్‌బోర్డు కూడలి దగ్గర స్కూటర్ ఎక్కబోయే అమ్మాయిని గమనించండి. చున్నీ నడిమి భాగం నెత్తిన వేసుకుంటుంది. ఒక కొసను ముక్కు మీదుగా అవతలి చెవి వెనక్కి లాగుతుంది. రెండో కొసను గడ్డం కిందుగా మెడ వెనక్కి తెచ్చి ముడి వేస్తుంది. దాని మీద హెల్మెట్. చివరికి కళ్లు రెండే మిగులుతాయి. దుమ్ము, ఎండ, పొగ అందుకు కారణాలు. సిగ్నల్ దగ్గర పక్క బండి మీద నుంచి గుచ్చిగుచ్చి చూసే కళ్లు ఇంకో కారణం. తెలిసినవాళ్లు చూసి ఇంట్లో చెబుతారన్న జంకు కూడా కొందరికి ఉండవచ్చు. ఇందులో ఏ కారణానికీ ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదని నా ఉద్దేశం. ఏటీఎం తలుపు మీద ముఖం కనబడేలా రమ్మని రాసి ఉంటే అక్కడ తీస్తుంది, డబ్బు వ్యవహారం కనుక అది సబబే. మిగిలిన దారంతా ఆమె ముఖం ఆమెది.

అందరికీ ఆ స్వేచ్ఛ లేదు. మేముండే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పోయిన ఏడాది ముఖాలు గుర్తుపట్టే యంత్రం పెట్టారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు దాని ముందు నిలబడితేనే గేటు తెరుచుకుంటుంది. మా ఇంట్లో పనిచేసే ఆమెది అనంతపురం వైపు. యంత్రం ముందు కొంగు తీసి, జుట్టు వెనక్కి తోసి, ముఖం ఎత్తి నిలబడుతుంది. ఎండలో నడిచి వచ్చిన చెమటకు ఒక్కోసారి అది గుర్తుపట్టదు, మళ్లీ నిలబడమంటారు. “అక్కా, మా ముఖాలే ఎందుకు? ఇళ్లవాళ్లవి తీయరా?” అని అడిగింది. ఇళ్లవాళ్లకు కార్డులిచ్చారు. కార్డు పోతే ఇంకొకటి చేయిస్తారు. ఆమె ముఖం ఎక్కడికైనా పోతే ఇంకొకటి ఎవరూ చేయించలేరు. ఆ ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయి, పని మానేశాక తీసేస్తారా అని సంఘంవాళ్లను అడిగాను. యంత్రం పెట్టిన కంపెనీ చూసుకుంటుందన్నారు. ముఖం చూపించవలసినది ఆమె, ముఖం లేనిది ఆ కంపెనీ. ముసుగు ఎవరిదో మీరే ఆలోచించండి.

ఈ వాదనను కోర్టుకు తీసుకెళ్లినవారు మన నగరంలోనే ఉండేవారు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో, ఎనభై ఏళ్లు దాటిన వయసులో, ఆధార్‌ను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం అప్పుడు వాదించింది. అందుకు ఆధారం పాత తీర్పులే. 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పు, 1962 నాటి ఖరక్‌సింగ్ తీర్పు. ఖరక్‌సింగ్ ఇంటి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. అర్ధరాత్రి సోదాలు చెల్లవని ఆనాటి కోర్టు అంది గానీ, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని కూడా అంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ రెండు తీర్పుల్లోని ఆ మాటలను ఏకగ్రీవంగా తోసిపుచ్చి, గోప్యత జీవించే హక్కులో భాగమేనని తేల్చింది. దాచుకోవలసినది ఏమీ లేనివాడికి భయమెందుకు అని ఇప్పటికీ అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలోనే దాచడం అంటే నేరం అనే అర్థం ముందే దూరి ఉంది. దాచుకోవలసినది ఏమీ లేని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. జబ్బులు, అప్పులు, ప్రేమలు, పాత ఊరి పేరు, కులం, ఎవరి నుంచి పారిపోయి వచ్చామో ఆ మొగుడు, ఇవన్నీ నేరాలు కావు కదా.

తీర్పు వచ్చిందే గానీ కెమెరాలు తగ్గలేదు. నిర్భయ నిధితో సేఫ్ సిటీ పథకం కింద బెంగళూరులో వేల కెమెరాలు బిగించారు. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, వారణాసులతో పాటు ఇక్కడి విమానాశ్రయంలోనూ డిజియాత్ర మొదలైంది, ముఖమే టికెట్టు. ఇష్టమైతేనే వాడవచ్చు, వద్దంటే మామూలు వరుస ఉంది. నా అభ్యంతరం ఇష్టం అన్న మాట లేనిచోట. విమానం ఎక్కేవారికి వద్దనే వీలుంది, గిన్నెలు తోమడానికి వచ్చే ఆమెకు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి గురించి చాలా చెబుతుంది, ప్రభుత్వ సంస్థలకు మినహాయింపులకూ అందులో చోటుంది. ఉద్యోగం పోతుందన్న భయంతో ఇచ్చిన సమ్మతిని సమ్మతి అని ఎలా పిలుస్తారో నాకు అర్థం కాదు.

సంఘానికి రాతపూర్వకంగా కోరినవి ఇక్కడ కూడా పెడుతున్నాను, వేరే అపార్ట్‌మెంట్లలో ఉన్నవారికి పనికొస్తాయని. పనివాళ్లలో కావాలన్నవారికి ముఖం బదులు కార్డు ఇవ్వాలి, ఇళ్లవాళ్లకు ఇచ్చినట్టే. పని మానేసిన రోజున ఫోటో చెరిపేసి, చెరిపినట్టు వాళ్లకు వాళ్ల భాషలో కాగితం ఇవ్వాలి. ఆ ఫోటోలు చూసే అధికారం ఎవరికుందో పేర్లతో సహా నోటీసు బోర్డు మీద పెట్టాలి. యంత్రం గుర్తుపట్టక ఆలస్యమైతే జీతంలో కోత పెట్టకూడదు. తర్వాతి సర్వసభ్య సమావేశంలో దీన్ని ఓటింగుకు పెడతామన్నారు. పనివాళ్లకు అక్కడ ఓటు లేదు కనుక, ఆ రోజు వాళ్లలో ఇద్దరినైనా పిలిచి వాళ్ల మాట విన్నాకే ఓటింగు జరపాలని కూడా అడిగాను. దానికి ఇంకా జవాబు రాలేదు.